గీత గీసేముందు మన గూడేల మాట వినాలి



కొంచెం పొడుగు పోస్టే. ఓపిగ్గా చివరిదాకా చదవమని అడుగుతున్నాం. మేం విశాఖలో ఒక హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న గిరిజన విద్యార్థులం. చింతూరు వైపు వాళ్లం ఉన్నాం, పాడేరు వైపు వాళ్లం ఉన్నాం, కురుపాం వైపు వాళ్లమూ ఉన్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే చట్టాల గురించి మాకు ఇంట్లో చెప్పేవాళ్లు లేరు. రాత్రి భోజనాలయ్యాక మాలో మేమే చదువుకుని, వాదించుకుని అర్థం చేసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

నియోజకవర్గాల పునర్విభజన, అంటే డీలిమిటేషన్ గురించి టీవీల్లో జరిగే చర్చ ఎప్పుడు చూసినా ఒకటే. ఉత్తరాదికి ఎన్ని ఎంపీ సీట్లు పెరుగుతాయి, దక్షిణాది ఎంత నష్టపోతుంది అని. ఆ చర్చ అవసరమే, కాదనం. కానీ అందులో ఏజెన్సీ మాట వినపడదు. ఎస్టీ సీట్లు ఎన్ని ఉంటాయి? ఎక్కడ ఉంటాయి? మన మండలం ఏ నియోజకవర్గంలో పడుతుంది? ఇవి మనం అడగకపోతే ఇంకెవరూ అడగరు.

మా అభిప్రాయం ముందే సూటిగా చెప్పేస్తాం. "రిజర్వేషన్ ఉంది కదా, మన సీటు ఎక్కడికి పోతుంది" అనే ధీమా మనకి మంచిది కాదు. మనకి ఎన్ని సీట్లో జనగణన తేలుస్తుంది. ఆ సీట్లలో మన ఓటుకి ఎంత బరువో మ్యాపు మీద గీసే గీత తేలుస్తుంది. ఈ రెండు పనులూ జరిగేటప్పుడే మనం కదలాలి. గెజిట్ వచ్చేశాక ధర్నా చేసినా లాభం ఉండదు.

ముందు అసలు పద్ధతి చూద్దాం. అసెంబ్లీ సీట్ల మొత్తం సంఖ్య 1971 జనాభా లెక్క మీదే ఆగిపోయి ఉంది. 1976లో 42వ రాజ్యాంగ సవరణతో ఆపారు. తర్వాత 84వ సవరణతో, 2026 తర్వాత జరిగే మొదటి జనగణన లెక్కలు వచ్చేదాకా పొడిగించారు. మధ్యలో 2001 జనాభా లెక్క తీసుకుని, సీట్ల మొత్తం మార్చకుండా లోపలి గీతలు మాత్రం మార్చారు. జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ చేసిన పని అది. మన దగ్గర 2009 ఎన్నికలు ఆ కొత్త గీతల మీదే జరిగాయి.

ఎస్టీ సీట్లకి రెండు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టు, ఎన్ని సీట్లు అనేది. రాజ్యాంగం 332వ అధికరణ ప్రకారం రాష్ట్ర జనాభాలో మన వాటా ఎంతో, అసెంబ్లీ సీట్లలో మన వాటా దాదాపు అంత ఉండాలి. రెండో మెట్టు, ఆ సీట్లు ఎక్కడ అనేది. 2002 డీలిమిటేషన్ చట్టం ప్రకారం, మొత్తం జనాభాలో ఎస్టీల శాతం ఎకడెక్కువగా ఉందో ఆ నియోజకవర్గాలనే ఎస్టీకి కేటాయిస్తారు. ఎస్సీ సీట్లని రాష్ట్రంలో వేరు వేరు ప్రాంతాలకి పంచాలని చట్టంలో ఉంది. ఎస్టీ సీట్లకి ఆ మాట లేదు.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల లెక్క చూడండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 294 సీట్లు. 2001 లెక్క ప్రకారం ఎస్టీ జనాభా 6.6 శాతం. దాంతో ఎస్టీ సీట్లు 15 నుంచి 19కి పెరిగాయి. ఎంపీ సీట్లు కూడా రెండు నుంచి మూడయ్యాయి. భద్రాచలం, పార్వతీపురం పోయి అరకు, మహబూబాబాద్, ఆదిలాబాద్ వచ్చాయి. ఆ 19 అసెంబ్లీ సీట్లని ఉమ్మడి రాష్ట్రం మొత్తంలో ఎస్టీ శాతం ఎక్కువ ఉన్న చోట్ల పెట్టారు. తర్వాత 2014లో రాష్ట్రం రెండయింది. ఏ గీత ఏ రాష్ట్రంలో ఉంటే ఆ సీటు ఆ రాష్ట్రానికి వెళ్లిపోయింది. తెలంగాణకి 12, ఆంధ్రకి 7.

ఆంధ్రకి మిగిలిన ఏడు ఇవి: పాలకొండ, కురుపాం, సాలూరు, అరకు లోయ, పాడేరు, రంపచోడవరం, పోలవరం. 2011 లెక్కల ప్రకారం, ఏడు మండలాలు కలిశాక ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్టీ జనాభా సుమారు ఐదున్నర శాతం. 175 సీట్లలో ఐదున్నర శాతం ఎంత? తొమ్మిది దాటుతుంది. మనకున్నవి ఏడు. రాష్ట్రం విడిపోయాక ఎస్టీ సీట్ల సంఖ్యని కొత్త రాష్ట్రం జనాభాకి తగ్గట్టు మళ్లీ కట్టలేదు. అప్పటి నుంచి 2014, 2019, 2024 మూడు ఎన్నికలు ఈ ఏడు సీట్ల మీదే జరిగిపోయాయి. ఈ తేడా గురించి ఎవరైనా గట్టిగా మాట్లాడగా మేం వినలేదు.

తెలంగాణ అన్నలూ అక్కలూ, ఈ లెక్కకి ఇంకో వైపు కూడా ఉంది. తెలంగాణలో 2011లో ఎస్టీ జనాభా సుమారు 9 శాతం. 119లో 9 శాతం అంటే పదకొండు లోపు. ఇప్పుడున్నవి 12. సీట్ల మొత్తం పెంచకుండా ఆ లెక్క మీదే కూర్చుంటే ఒకటి తగ్గే ప్రమాదం ఉంది. ఇది ఉత్తుత్తి భయం కాదు. మధ్యప్రదేశ్ నుంచి విడిపోయిన ఛత్తీస్‌గఢ్‌లో 90 సీట్లకి 34 ఎస్టీ సీట్లు ఉండేవి. 2001లో అక్కడ ఎస్టీ జనాభా 31.8 శాతం. 2008లో గీతలు మార్చినప్పుడు ఆ 34 కాస్తా 29 అయ్యాయి. జార్ఖండ్‌లో కూడా 28 ఎస్టీ సీట్లు తగ్గబోయాయి. అక్కడ గట్టిగా వ్యతిరేకత వచ్చింది. చివరికి 2008లో పార్లమెంటు చట్టం సవరించి, ఆ కొత్త గీతలు జార్ఖండ్‌కి వర్తించకుండా చేసింది. 28 సీట్లూ నిలిచాయి. ఒకే కాలం, ఒకే కమిషన్. ఒక చోట ఐదు సీట్లు పోయాయి, ఇంకో చోట ఆగాయి.

పెరిగిన చోట్లు కూడా ఉన్నాయి. 2023లో అస్సాంలో ఎస్టీ అసెంబ్లీ సీట్లు 16 నుంచి 19 అయ్యాయి. జమ్మూ కశ్మీర్ అసెంబ్లీలో ఎస్టీలకి అసలు సీట్లే ఉండేవి కావు. 2022 పునర్విభజనలో మొదటిసారి తొమ్మిది ఇచ్చారు. 2024 ఎన్నికలు వాటితోనే జరిగాయి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ లెక్కలు చూసి ఆంధ్ర ఆదివాసీకీ తెలంగాణ ఆదివాసీకీ పోటీ పెట్టుకోవద్దు. 2014 విభజన చట్టం 26వ సెక్షన్‌లో ఆంధ్ర సీట్లు 225కి, తెలంగాణ సీట్లు 153కి పెంచాలని ఉంది. అది ఇంకా అమలు కాలేదు. ముందే చేయమని వేసిన కేసుని 2025లో సుప్రీంకోర్టు కొట్టేసింది కూడా. కానీ ఎప్పుడైనా ఆ పెంపు జరిగితే, 2011 శాతాల మీద చూసినా ఆంధ్రలో ఎస్టీ సీట్లు పన్నెండు దాకా, తెలంగాణలో పద్నాలుగు దాకా వస్తాయి. అంటే ఇద్దరికీ పెరుగుతాయి. కాబట్టి మన డిమాండు ఒకటే కావాలి. ఏ రాష్ట్రంలోనూ ఇప్పుడున్న ఎస్టీ సీటు తగ్గకూడదు. ప్రతి రాష్ట్రానికీ దాని సొంత జనాభా మీద విడిగా లెక్క కట్టాలి.

ఇక గీత సంగతికి వద్దాం. ఒక ఊహ లెక్క చెప్తాం. పక్క పక్కనే పది మండలాలున్నాయి అనుకోండి. అన్నిట్లో జనం సమానం. ఐదు కొండ మండలాల్లో ఎస్టీలు 80 శాతం, ఐదు మైదాన మండలాల్లో 10 శాతం. కొండవన్నీ ఒక నియోజకవర్గం, మైదానంవన్నీ ఇంకో నియోజకవర్గం చేస్తే, మొదటిదాంట్లో మన ఓట్లు 80 శాతం. అక్కడ ఎవరు గెలవాలో గూడేలే తేలుస్తాయి. అదే కొండనీ మైదానాన్నీ సగం సగం కలిపి రెండు నియోజకవర్గాలు చేస్తే రెండిట్లోనూ మనం 45 శాతమే. జనం అదే, ఓట్లు అవే, ఊళ్లు అవే. గీత మారింది, అంతే.

"రెండూ ఎస్టీ రిజర్వుడు అయితే మనకి ఇద్దరు ఎమ్మెల్యేలు వస్తారు కదా, మంచిదే కదా" అని మాలోనే ఒకరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. నిలబడేది మన మనిషే. కానీ గెలవాలంటే మైదానం ఓట్లు కావాలి. భూమి తగాదా వచ్చినప్పుడు, 1/70 చట్టం మాట వచ్చినప్పుడు, గిరిజనేతరుల ఓట్లతో గెలిచిన మన మనిషి నోరు ఎంత లేస్తుంది? ఇప్పటికే కొన్ని ఎస్టీ నియోజకవర్గాల్లో మన ఓటు సగం కూడా లేదు. అక్కడ పార్టీలు టికెట్ ఇచ్చేటప్పుడు గూడేన్ని అడగవు, మైదానంలో పెద్దమనుషుల్ని అడుగుతాయి. మాకు సీట్ల సంఖ్యా కావాలి, ఆ సీటులో మన ఓటుకి బరువూ కావాలి. రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే మాత్రం, షెడ్యూల్డ్ ఏరియా మండలాలు ఒక్కచోట ఉండటమే ముందు అంటాం.

దీనికి మన కళ్లముందు ఉన్న ఉదాహరణ శృంగవరపుకోట. 2004 దాకా అది ఎస్టీ సీటు. 2009 నుంచి జనరల్. అదే గీతల్లో అరకు లోయ ఎస్టీ సీటుగా పుట్టింది. కొండ మీదవాళ్లకి లాభమే. కోట చుట్టుపక్కల మైదానంలో మిగిలిపోయిన గిరిజనులు మాత్రం జనరల్ సీటులో చిన్న సంఖ్య అయిపోయారు. గీత ఎటు జరిపినా ఎవరో ఒకరు బయట పడతారు. అందుకే ఆ గీత గురించి ముందు మనలో మనం మాట్లాడుకోవాలి.

ఇంకా బయట ఉన్నవాళ్లు కూడా మనవాళ్లే. నెల్లూరు వైపు యానాదులు, రాయలసీమ తండాల్లో సుగాలీలు, నల్లమలలో చెంచులు. ఆంధ్ర ఎస్టీ శాతంలో వాళ్ల తలలూ ఉన్నాయి. సీట్ల సంఖ్య పెరిగేది వాళ్ల వల్ల కూడా. కానీ వాళ్లు చెదురుమదురుగా ఉండటం వల్ల సీటు వాళ్ల దగ్గరికి వెళ్లదు, శాతం ఎక్కువున్న ఏజెన్సీ వైపే వస్తుంది. ఏజెన్సీ నుంచి గెలిచే ఎమ్మెల్యేలు వాళ్ల మాట కూడా అసెంబ్లీలో ఎత్తాలి. వాళ్ల లెక్కతో వచ్చిన సీటులో కూర్చుని వాళ్లని మర్చిపోవడం న్యాయం కాదు.

గీత మారితే మామూలు మనిషికి ఏమవుతుందో చింతూరు, కూనవరం, వీఆర్‌పురం వాళ్లని అడగండి. మాలో ముగ్గురు ఆ మండలాల వాళ్లే. 2014 ఏప్రిల్ 30న వాళ్ల అమ్మానాన్నలు భద్రాచలం నియోజకవర్గంలో ఓటేశారు. సున్నం రాజయ్య గారు గెలిచారు. పోలవరం ముంపు కోసం ఆ మండలాల్ని ఆంధ్రలో కలిపేశారు. ఎమ్మెల్యే తెలంగాణ అసెంబ్లీలో ఉండిపోయారు. ఓటేసిన జనం ఆంధ్రకి వచ్చేశారు. రాజయ్య గారి సొంత ఊరు కూడా ఇటే పడింది. 2019లో రంపచోడవరం నియోజకవర్గంలో ఓటు వేసేదాకా, అంటే ఐదేళ్లు, ఆంధ్ర అసెంబ్లీలో వాళ్లు ఎన్నుకున్న మనిషి లేడు. సరిగ్గా ఆ ఐదేళ్లలోనే ముంపు గురించీ ప్యాకేజీ గురించీ పెద్ద పెద్ద నిర్ణయాలు జరిగాయి. కుక్కునూరు, వేలేరుపాడు వాళ్ల పరిస్థితీ అంతే. వాళ్లు పోలవరం నియోజకవర్గంలోకి వచ్చారు. ఊరు మునిగే రోజుల్లో అడగడానికి సొంత ఎమ్మెల్యే లేకపోవడం కన్నా పెద్ద నష్టం ఏముంటుంది?

ఇప్పుడు అసలు తొందర ఎందుకో చెప్తాం. జనగణన 2027లో జరుగుతోంది. మార్చి 1 ప్రామాణిక తేదీ. మనుషుల లెక్క ఫిబ్రవరిలో. తర్వాత గీసే గీతలకి, కట్టే సీట్లకి అదే ఆధారం అయ్యే అవకాశం ఎక్కువ. ఫిబ్రవరి అంటే మనకి ఏంటి? మిర్చి కోతల కాలం. మన గూడేల నుంచి ఖమ్మం వైపు, గుంటూరు వైపు బళ్లు కట్టుకుని పోయే రోజులు. ఇప్పటిదాకా జరిగిన జనగణన పద్ధతి ప్రకారం, లెక్క జరిగే రోజులన్నీ మనిషి ఊళ్లో లేకపోతే, దొరికిన చోట లెక్కేస్తారు. మిర్చి చేను గట్టున డేరాలో ఉన్న కుటుంబం దగ్గరికి ఎన్యూమరేటర్ వస్తాడా? వచ్చినా తెగ పేరు సరిగ్గా రాస్తాడా? వేరే రాష్ట్రం చేలో దొరికితే ఆ తల ఆ రాష్ట్రం లెక్కలోకి పోతుంది. సొంత రాష్ట్రంలోనే దొరికితే మొత్తం శాతం మారదు గానీ మన మండలం శాతం తగ్గుతుంది.

పోలవరం నిర్వాసితులది ఇంకో కథ. పాత ఊరు వదిలి కాలనీకి వెళ్లినవాళ్లని కాలనీలోనే లెక్కేస్తారు. కాలనీ మైదానం వైపు ఉంటే, కొండ మండలం లెక్కలోంచి ఒక గూడెం మొత్తం జారిపోయినట్టే. హాస్టల్లో ఉంటున్న మమ్మల్ని కూడా హాస్టల్లోనే లెక్కేస్తారు. అది తప్పని మేం అనడం లేదు, పద్ధతే అంత. కనీసం అక్కడైనా మన తెగ పేరు సరిగ్గా పడాలి అంటున్నాం.

తెగ పేరు చిన్న విషయం అనుకోవద్దు. కొండకాపు అని చెప్పాల్సినచోట కాపు అని రాస్తే ఆ కుటుంబం ఎస్టీ లెక్కలోంచి పోయినట్టే. కొండదొరని ఉత్త దొర అని రాసినా చిక్కే. రాష్ట్ర ఎస్టీ జాబితాలో పేరు ఎలా ఉందో అలాగే చెప్పాలి, అలాగే రాయించుకోవాలి. ఇంకోటి, చర్చికి వెళ్లేవాళ్లు ఎస్టీ అని చెప్పొచ్చా అని చాలామందికి అనుమానం. చెప్పొచ్చు. ఎస్టీ హోదాకి మతంతో సంబంధం లేదు. ఏ మతంలో ఉన్నా ఎస్టీ ఎస్టీయే.

"ఇంతా చేసి, మన ఎస్టీ ఎమ్మెల్యేలు మనకి ఏం ఒరగబెట్టారు? రోడ్డు లేదు, డోలీ మోతలు పోలేదు" అని కొందరు అన్నలు అంటారు. ఆ కోపం మాకూ ఉంది. డోలీ మోసినవాళ్ల ఇళ్ల నుంచే వచ్చాం. కానీ పని చేయని ఎమ్మెల్యేని ఐదేళ్లకోసారి మార్చుకోవచ్చు. సీటే పోతే మార్చుకోవడానికి ఏమీ మిగలదు. ఒకసారి గీసిన గీత ఎంతకాలం ఉంటుందో కూడా చూడండి. 2008లో గీసినవి 2009 నుంచి నాలుగు ఎన్నికలు దాటినా అలాగే ఉన్నాయి. వచ్చేవి కూడా మా తరం మొత్తానికి ఉండిపోవచ్చు. కమిషన్ ఆదేశం గెజిట్‌లో వచ్చాక కోర్టుకి వెళ్లి మార్చుకోవడం దాదాపు కుదరదు. చట్టమే అలా ఉంది.

మరి మన మాట చెప్పుకోవడానికి దారి లేదా? ఉంది. చిన్న దారి. గత చట్టం ప్రకారం కమిషన్ ముందు ముసాయిదా ప్రకటించాలి. అభ్యంతరాలు, సూచనలు తీసుకోవాలి. బహిరంగంగా విచారణ జరపాలి. మన లాంటి రాష్ట్రం నుంచి ఐదుగురు ఎంపీలు, ఐదుగురు ఎమ్మెల్యేలు కమిషన్ పక్కన కూర్చుంటారు. వాళ్లకి ఓటు లేదు, మాట మాత్రం ఉంది. నియోజకవర్గం ఒకే ముద్దగా ఉండాలని, కొండలూ నదులూ దారులూ ప్రజల సౌకర్యమూ చూడాలని కూడా ఆ చట్టంలో రాసి ఉంది. మరి అరకు ఎంపీ సీటు చూడండి. పాలకొండ నుంచి రంపచోడవరం దాకా నాలుగు పాత జిల్లాల మీదుగా సాగింది. ఆ చివర మనిషి ఈ చివర ఎంపీని కలవాలంటే రోజు పడుతుంది. ఆ మాట విచారణలో కాగితం మీద పెట్టాల్సింది మనమే.

కాబట్టి మేం అడిగేవి ఇవి.

ఒకటి. ఆంధ్రలో ఏడు సీట్ల తేడా సరిచేయాలి. తెలంగాణలో పన్నెండు తగ్గకూడదు.

రెండు. షెడ్యూల్డ్ ఏరియా మండలాల్ని ముక్కలు చేసి మైదానం నియోజకవర్గాల్లో కలపకూడదు.

మూడు. ముసాయిదా తెలుగులో, మండలాల పేర్లతో సహా రావాలి. విచారణలు రాజధానిలో కాకుండా పాడేరు, సీతంపేట, రంపచోడవరం, భద్రాచలం, ఉట్నూరు లాంటి ఐటీడీఏ కేంద్రాల్లో పెట్టాలి. కూలి మానుకుని, బస్సు చార్జీ పెట్టుకుని వచ్చేవాళ్లకి అందే దూరంలో ఉండాలి.

నాలుగు. మిర్చి కోతలకి వెళ్లినవాళ్లని, నిర్వాసిత కాలనీల్లో ఉన్నవాళ్లని తప్పకుండా లెక్కలోకి తేవడానికి జనగణన అధికారులు ముందే ఏర్పాటు చేయాలి.

ఇక మన వంతు పని. ఈ సంక్రాంతికో, మీ ఊరి పండక్కో ఇంటికి వెళ్లినప్పుడు ఒక పూట దీనికి ఇవ్వండి. ఎస్టీ జాబితాలో మీ తెగ పేరు ఎలా ఉందో ఒక కాగితం మీద రాసి గూడెంలో ప్రతి ఇంట్లో చెప్పండి. ఫిబ్రవరిలో కూలికి వెళ్లేవాళ్లు ఎవరో, ఎటు వెళ్తారో రాసి పెట్టుకోండి. మీ మండలం ఇప్పుడు ఏ నియోజకవర్గంలో ఉంది, దానికి సంత ఎక్కడ, ఆసుపత్రి ఎక్కడ, బస్సు ఎక్కడికి పోతుంది, ఏ మండలంతో కలిస్తే జనానికి సులువు, ఇవన్నీ రెండు పేజీలు రాయండి. మేం మా మూడు ప్రాంతాలకీ రాయడం మొదలుపెట్టాం. రేపు ముసాయిదా వచ్చిన రోజున, అభ్యంతరం ఎలా రాయాలా అని వెతుక్కోకుండా, చేతిలో కాగితం ఉండాలి.

మన తాతలకి గీతలు గీసిన సంగతి కూడా తెలియలేదు. మన అమ్మానాన్నలకి గీసేశాక తెలిసింది. మనకి ముందే తెలిసింది, చదవడం రాయడం కూడా వచ్చింది. మీ మండలం కాగితం మీరు రాయండి, ఇక్కడ పెట్టండి. తప్పులుంటే అందరం కలిసి దిద్దుకుందాం.

జై ఆదివాసీ.